మాట్లాడించే విద్య

నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించడం కూడా ఒక ఉద్యోగమేనా అని బాబుపేట్‌లో అక్సాను ఎగతాళి చేయనివాళ్ళు లేరు. "మాట్లాడకుండ్రి అని చెప్పెటోళ్ళకు జీతమియ్యాలె గని, మాట్లాడుండ్రి అని చెప్పెదానికి ఎందుకిస్తరే?" అని కన్నతల్లి కస్తూరే పకపకా నవ్వేది. ఆమె నవ్వడంలో తప్పు లేదు. మహారాష్ట్రలో, చంద్రపూర్ పారిశ్రామికవాడ ఎంఐడీసీలో అక్సా పనిచేసే ఫ్యాక్టరీలో సిమెంటు సంచులు నేస్తారు, కోస్తారు, కుడతారు, కట్టలు కట్టి ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీకి పోయే లారీల్లోకి ఎక్కిస్తారు. ఆ మిషన్ల మోతలో పక్కవాడు దగ్గినా వినబడదు. అక్కడ మాట్లాడించేది ఎవరిని?

అయినా పై ఆఫీసు నుంచి హుకుం వచ్చింది. ప్రతి సెక్షన్లో షిఫ్టు మొదలుకాకముందు ఒక మీటింగు పెట్టాలి, పని ఎందుకు వెనకబడుతోందో పనివాళ్ళ నోటితోనే చెప్పించాలి. అందుకోసం నాగపూర్ నుంచి ఒక ట్రైనర్ వచ్చి ఆఫీసు వాళ్ళందరికీ సమోసాలతో పాటు రెండు విద్యలు వడ్డించి పోయాడు. ఒకటి, ఎవరి పనిని వాళ్ళు గడువులోగా తెమల్చుకోవడం. రెండోది ఫెసిలిటేషన్, అంటే తను తక్కువ మాట్లాడి ఎదుటివాళ్ళ చేత ఎక్కువ మాట్లాడించడం. సమోసాలు అందరికీ అరిగాయి. విద్యలు మాత్రం ఇద్దరికే పట్టాయి, ట్రైనింగ్ సెక్షన్లో ఉన్న అక్సాకు, ప్లానింగ్ సెక్షన్లో ఉన్న ప్రతీక్‌కు.

ప్రతీక్ వాళ్ళది బజార్లో బట్టల దుకాణం. తాతల నాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆఫీసులో అందరి ముందూ మరాఠీలోనే మాట్లాడేవాడు గానీ, అక్సా ఒంటరిగా కనబడితే చాలు, మరాఠీ ముక్కలు కలిసిన తెలుగులోకి దిగిపోయేవాడు. పరాయి ఊళ్ళో కాకపోయినా పరాయి భాషలో బతికేవాళ్ళకు ఆ మాత్రం తెలుగు చాలు, సగం చుట్టరికం కలిసిపోతుంది.

మొదటి విద్యను అక్సాకు దగ్గరుండి నేర్పింది అతనే. అంతకుముందు ఆమె రోజంతా ఊరందరి పనీ చేసేది. ఒకరు ప్రింటు తీసివ్వమంటారు, ఒకరు కాగితం ఎక్కడుందో చూడమంటారు. సాయంత్రం అయ్యేసరికి తన పని మాత్రం పొద్దున ఎక్కడుందో అక్కడే ఉండేది. "అగ, నువ్వు అందరికి హా అంటవ్, అదే నీ రోగం. పొద్దుగాల వచ్చినంక మొదటి గంట ఎవ్వలకియ్యకు. కష్టమున్న పని ముందల పట్టు, అల్కటివి ఆఖర్ల జూసుకో" అన్నాడు ప్రతీక్. అనడమే కాదు, ఆ గంటసేపు ఎవరైనా ఆమె టేబుల్ దగ్గరికి వస్తుంటే తనే అడ్డుపడి పక్కకు తీసుకుపోయేవాడు. నెల తిరిగేసరికి అక్సా బాకీ పనులన్నీ తెమిలిపోయి, వెలుతురుండగానే ఇల్లు చేరడం మొదలుపెట్టింది. మనిషంటే ఇట్లా ఉండాలి అనుకుంది.

రెండో విద్య ఎవరు నేర్పుతారు? కటింగ్ సెక్షన్లో పెట్టిన మొదటి మీటింగులు నవ్వులపాలయ్యాయి. అక్సా ముందు నిలబడి ట్రైనర్ చెప్పిన ప్రశ్నలన్నీ హిందీలో అడిగేది. పనివాళ్ళు బూట్లవైపు చూస్తూ నిలబడేవాళ్ళు. ఎవరూ పలకకపోయేసరికి కంగారుపడి జవాబులు కూడా తనే చెప్పేది. చివరికి అందరూ తలలూపి మిషన్ల దగ్గరికి పోయేవాళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుండేది వ్యవహారం.

ఒక గురువారం ఆమె ఇంట్లో స్త్రీల ప్రార్థన కూటం జరిగింది. ఆ కూటాన్ని ఏళ్ళ తరబడి నడిపిస్తున్నది కస్తూరే. పాట అయిపోయాక ఎవరి కష్టసుఖాలు వాళ్ళు సాక్ష్యాలుగా చెప్పుకునే వేళ వచ్చింది. కస్తూరి బైబిలు మూసి, తన ఒడివైపు చూస్తూ ఊరికే కూర్చుంది. "చెప్పుండ్రి" అని కూడా అనలేదు. ఆ నిశ్శబ్దం పెరిగి పెరిగి, ఇక భరించలేమనిపించే దాకా వచ్చాక, గడప దగ్గర కూర్చున్న కొత్త కోడలొకతె నోరు తెరిచింది. కస్తూరి మధ్యలో అయ్యో అనలేదు, సలహా ఇవ్వలేదు, ఊఁ కొట్టింది అంతే. ఆమేన్ అయ్యాక మాత్రం ఎప్పటిలాగే, "ఇక్కడ ఇన్నది ఇక్కడనే ఉండాలె" అంది. బాబుపేట్‌లో కబుర్లకు కరువు లేదు, కానీ ఆ కూటంలో అన్న మాట ఒక్కటి కూడా ఏనాడూ గల్లీలో వినబడలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే అయినా అక్సా దాన్ని ఆ రోజే చూసింది. నాగపూర్ దాకా పోవాల్సిన పనేముంది, విద్య ఇంట్లోనే ఉందని నవ్వుకుంది.

మర్నాడు కటింగ్ సెక్షన్లో స్టూళ్ళు గుండ్రంగా వేయించింది. తను కూడా వాళ్ళతో పాటే కూర్చుంది. ఆ సెక్షన్లో వాళ్ళంతా దాదాపు బాబుపేట్ తెలుగువాళ్ళే, సగంమంది ఆమె చర్చి వాళ్ళే. హిందీ పక్కన పెట్టి తెలుగులో ఒకే ఒక్క మాట అడిగింది. "పని ఏడ ఆగుతుంది?" అడిగి, ఒడివైపు చూస్తూ ఊరుకుంది. ఇక్కడ అన్నది ఇక్కడే ఉంటుందని ముందే మాట ఇచ్చింది.

చాలాసేపటికి ఇస్తారి గొంతు సవరించుకున్నాడు. కోత మిషన్ మీద ముసలివాడైన మనిషి. అక్సా చిన్నప్పుడు క్రిస్మస్ క్యారల్స్‌కు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఆమె నోటికి పెద్దబాపు, పెదనాన్నలాంటివాడు.

"మిషన్ మెల్లగున్నదంటే తప్పు మిషన్‌ది గాదు బిడ్డా, నాది. కండ్లల్ల మోతిబిందు దిగింది, పొర కమ్మింది. కోసే గీత ఏడున్నదో లెవీ చెప్తె నేను కోస్తున్న. వాడు నాకు చెప్పెతందుకు వాని పని ఇడిశిపెట్టి వస్తుండు. గందుకే రెండు పనులు ఆగుతున్నయి."

లెవీ ఆయన మేనల్లుడు. తండ్రి లేని పిల్లవాడని ఇస్తారి తన ఇంట్లో పెంచి, పెళ్ళి చేసి, ఇదే ఫ్యాక్టరీలో తన పక్కనే పనికి పెట్టించాడు. మామ తన నోటితోనే చెప్పేశాడని లెవీ తల దించుకున్నాడు. మిగతావాళ్ళు కూడా తెలియనట్టు చూడలేదు. అందరికీ తెలుసు, అందరూ కాపాడుతున్నారు.

"ఆపరేషన్ చేయించుకోరాదా పెద్దబాపూ?" అంది అక్సా.

"చేయించుకుంటే నెల రోజులు ఇంట్ల కూసోవాలె. నేను లేచి వచ్చెవరకు నా జాగల ఇంకొకడుంటడు. ఎండకాలంల ఫ్యాక్టరీ బంద్ పెడ్తరు గదా, గప్పుడు చేయించుకుంట. గప్పటి దాంక ఆఫీసోళ్ళ చెవుల పడకుంట సూడు."

ఆ పూట మీటింగులో వాళ్ళే దారి కూడా వెతుక్కున్నారు. ఇస్తారి కత్తి వదిలేసి కట్టలు కట్టే పనికి మారాడు. దానికి చేతులు చాలు. లెవీ కోత మిషన్ ఎక్కాడు. వారం తిరిగేసరికి కటింగ్ సెక్షన్ మిగతా అన్నిటికంటే ముందుకు పోయింది. అక్సాకు ఒళ్ళంతా గర్వమే. ఏ పుస్తకంలోనూ లేని పని తను చేసింది. ఒక మనిషి మర్యాద పోకుండా, వేలు తెగకుండా, పని కూడా సాగేలా చేసింది. ఇక వేసవి దాకా నోరు మూసుకుంటే చాలు.

ఆ నోరే మూతపడలేదు.

ప్రతీక్ ఒక మధ్యాహ్నం రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఫోను బోర్లించి పక్కన పెట్టాడు. "నీ మీటింగుల ముచ్చటనే అంతట నడుస్తుంది. నాకు గూడ నేర్పరాదు?" అన్నాడు. అక్సా పొంగిపోయింది. తనకు పని తెమల్చుకోవడం నేర్పినవాడికి తను నేర్పే రోజు వచ్చింది. నిశ్శబ్దానికి భయపడొద్దని చెప్పింది. మధ్యలో అడ్డం రావొద్దని, సలహా ఇవ్వొద్దని, ఊఁ కొడితే చాలని చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. తర్వాత, "కటింగ్‌ల అసలు ఏమైంది? గంత జల్దీ ఎట్ల మారింది?" అని అడిగి, ఊరుకున్నాడు. చాయ్ తాగుతూ ఆమె ముఖంలోకి నెమ్మదిగా చూస్తూ కూర్చున్నాడు. ఆ నెమ్మదిలో ఎంత ఆప్యాయత! అక్సా మొదట కొంచెమే చెప్పింది. అతను ఊఁ అన్నాడు. ఇంకొంచెం చెప్పింది. చివరికి పెద్దబాపు కళ్ళ సంగతి, లెవీ సాయం, వేసవి ఆపరేషన్ దాకా అంతా చెప్పేసింది. "ఎవ్వలతోని అనకు" అంది. "ఛీ, నాకు చెప్పాలెనా?" అన్నాడు.

మనసులోది చెప్పుకున్న తేలికతో ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయి కడుపునిండా తిన్నది కూడా.

నెలాఖరు మీటింగులో అందరూ పెద్ద గదిలో కూర్చున్నారు. హెచ్ఆర్ చూసే ప్రతిభ మేడం, ఫ్యాక్టరీ పెద్ద, అన్ని సెక్షన్ల అధికారులు. కటింగ్ ఎలా పుంజుకుందో చెప్పడానికి ప్రతీక్ లేచాడు. తెర మీద గీతలు పైకి పాకుతున్నాయి. అతను స్వచ్ఛమైన మరాఠీలో, ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయాడు. చూపు లేని ఒక మనిషి నెలల తరబడి కత్తి దగ్గర పనిచేశాడని, మేనల్లుడు దాన్ని దాచాడని, సెక్షన్ సెక్షనంతా తెలిసీ నోరెత్తలేదని అన్నాడు. ఇస్తారి పేరు చెప్పాడు. లెవీ పేరు చెప్పాడు. అక్సా ఆగు అనాలని లేవబోయింది. ఇంతలో అతను ఆమెవైపే చేయి చూపించాడు. ఇదంతా బయటికి తీసింది అక్సాయే, ఆమె మాట్లాడించే పద్ధతి లేకపోతే మనకు ఎప్పటికీ తెలిసేది కాదు అన్నాడు.

గదంతా చప్పట్లు కొట్టింది. ప్రతిభ మేడం ఆమె భుజం తట్టింది. అక్సా లేవబోయినదల్లా ఆ చప్పట్ల మధ్య మళ్ళీ కూర్చుండిపోయింది. అందరి ముందు బట్టలు లాగేసి పైన పూలదండ వేసినట్టు అనిపించింది. ప్రతీక్ ఆమెవైపు చూసి చిన్నగా నవ్వాడు, నీకు రావలసిన పేరు నీకు ఇప్పించాను చూడు అన్నట్టు.

మెట్ల కింద నీళ్ళ ఫిల్టర్ దగ్గర అతన్ని పట్టుకుంది.

"ఏంది ప్రతీక్ గిది?"

"కాయ్ ఝాలం, ఏమైంది? నీ పేరే చెప్పిన గదా. నా పేరు చెప్పుకోలె."

"నేను నీకు చెప్పిన. నీకు! ఆఫీసుకు చెప్పలె."

"అగ, సమజ్ చేసుకో. ఆయనకు కండ్లు కనబడయి. రేపు చెయ్యి తెగితె ఎవలు జవాబియ్యాలె?"

"ఆయన ఇప్పుడు కత్తి కాడ లేడు. ఆ సంగతి నీకు తెల్సు, నేనే చెప్పిన. ఆ ఒక్క ముక్క ఆడ ఎందుకు చెప్పలె?"

ప్రతీక్ గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. అక్సా ఇంకా అరవాలనుకుంది, కానీ అరవలేదు. "ఆనాడు చాయ్ పట్టుకొని వచ్చినప్పుడు, దీన్ని ఆడ చెప్పాలెనని అనుకొనే వచ్చినవా?" అని అడిగి ఊరుకుంది. అతను ఫిల్టర్‌వైపు చూశాడు, మెట్లవైపు చూశాడు. ఆమె కదలలేదు.

"మేడం ముందే అడిగింది" అన్నాడు చివరికి. "కటింగ్ ఎట్ల పెరిగిందో అక్సా నుంచి తెల్సుకోమని ఆమెనే చెప్పింది. పూణె ఆఫీసుల పెద్ద జాగ ఖాళీ ఉంది, అది నాకు కావాలె. నా జాగల నువ్వుంటే ఏం చేస్తుంటివి?"

ఆమె దగ్గర జవాబుంది గానీ, అది ఇతనికి చెప్పేదేమిటి అనిపించింది. బోర్లించిన ఆ ఫోను, ఆ నెమ్మది, ఆ ఊఁ, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో విన్నది గానీ, ఆ గుడ్డను తనే తడిపి చేతికిస్తుందని అనుకోలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. రోజూ పొద్దున తన టేబుల్ దగ్గర అతను కాపలా కాసిన ఆ గంట కూడా ఇప్పుడు అనుమానంగానే ఉంది. అతని స్నేహంలో నిజమెంతో, ఎప్పటి నుంచి అబద్ధమో తేల్చుకునే దారి లేకపోవడమే ఆమెను ఎక్కువగా బాధపెట్టింది.

సోమవారం ఇస్తారిని గేటు దగ్గరే ఆపేశారు. కళ్ళ పరీక్ష అన్నారు, పరీక్ష అయ్యాక పనికి పనికిరాడని అన్నారు. లెవీని మాత్రం హెచ్చరించి మిషన్ మీదే ఉంచారు. టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని ఆయన వెనక్కి నడిచిపోతుంటే అక్సా పై అంతస్తు కిటికీలోంచి చూసింది. పరుగెత్తి కిందికి పోలేకపోయింది. పోయి ఏ ముఖంతో నిలబడాలి?

ప్రతిభ మేడం దగ్గరికి మాత్రం పోయింది. ఆయనను కట్టల పనిలో ఉంచమని, వేసవిలో ఆపరేషన్ అయిపోతే మళ్ళీ మామూలు మనిషే అవుతాడని బతిమాలింది. మేడం చెడ్డమనిషేమీ కాదు. కుర్చీ చూపించింది, నీళ్ళు ఇప్పించింది. రూలు రూలేనని, ఆపరేషన్ అయ్యాక రమ్మను చూద్దామని చెప్పింది. ఆ చూద్దాం ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు. తర్వాత గొంతు తగ్గించి, ఇక మిగతా సెక్షన్లన్నిటిలో కూడా ఇలాగే కూర్చోబెట్టు, నీకు దేవుడిచ్చిన విద్య ఇది అంది.

ఇక తన దగ్గర ఎవరు నోరు విప్పుతారని అడిగింది అక్సా.

మేడం ఓదార్పుగా నవ్వింది. ఎందుకు విప్పరు, నీ సంగతి వాళ్ళకెవరికీ తెలియదు కదా అంది. ఆ మేనల్లుడే మిషన్ మీద ఆశతో చెప్పాడని వాళ్ళంతా అనుకుంటున్నారట, పనివాళ్ళ కాంట్రాక్టరు చెప్పాడు, నువ్వేమీ భయపడకు అంది.

అక్సాకు ఒక్క నిమిషం, సిగ్గులేని ఒక్క నిమిషం, ప్రాణం కుదుటపడింది. ఆ నిమిషాన్ని తలుచుకుని ఆమె తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో లెక్కలేదు. ప్రతీక్‌కూ తనకూ ఉన్న తేడా, ఆ గదిలో ఇంకో నిమిషం ఊరుకుని కూర్చుంటే చెరిగిపోతుందని తెలిసి, కుర్చీలోంచి లేచింది. మీటింగులు ఇక నా వల్ల కాదు మేడం, ఇంకెవరికైనా అప్పజెప్పండి అని చెప్పి బయటికి వచ్చేసింది.

ఆదివారం ఆరాధనలో ఇస్తారి ఒక వైపు బల్ల మీద, లెవీ అవతలి చివర కూర్చున్నారు. ఆరాధన అయ్యాక లెవీ, "మామా, నేను గాదే" అంటూ ఎదురుపోయాడు. ఇస్తారి ఆ గొంతు వినబడనట్టే పక్కకు తిరిగి, భార్య భుజం పట్టుకుని నడిచిపోయాడు. లెవీ నిలబడ్డచోటే నిలబడి షర్టు చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. కస్తూరి అది చూసి, "పాము పిల్లకు పాలు పోసిండు పాపం ఇస్తారన్న" అంది. అక్సా తల్లివైపు చూడలేకపోయింది.

చీకటి పడకముందే ఆమె ఇస్తారి ఇంటికి పోయింది. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, "ఎవలు?" అన్నాడు.

"నేను, అక్సాను పెద్దబాపూ."

"రా బిడ్డా, కూసో. నా కోసం మేడంతోని కొట్లాడినవంట గదా. నీ మేలు మర్చిపోను." ఆయన చెయ్యి గాలిలో వెతికి ఆమె తల మీద పడింది. "పెంచినోడే గిట్ల చేసిండు. మిషన్ కావాలె అంటె అడిగితె ఇడిశిపెట్టకపోదునా? చెవుల చెప్పాలెనా ఆఫీసోళ్ళకు?"

ఆ చెయ్యి తల మీద ఉండగానే చెప్పేయాలని అక్సా అనుకుంది, తీసేశాక చెప్పడం ఇంకా కష్టమవుతుందని. "లెవీ చెప్పలె, పెద్దబాపూ. నేను చెప్పిన. ప్రతీక్ అని, మా ఆఫీసుల దోస్తు. దోస్తనుకొని చెప్పిన. వాడు పోయి అందరి ముందట పెట్టిండు. మాటిచ్చి తప్పింది నేను. లెవీ నోట్లకెల్లి ఒక్క మాట గూడ పోలె."

తల మీది చెయ్యి అక్కడే ఆగింది. తిడతాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది. ప్రతీక్ తనను మోసం చేసిన సంగతి, తను మీటింగులు మానేసిన సంగతి, అన్నీ వరసగా చెప్పుకోవాలని నోటి దాకా వచ్చింది. ఆయన అవేవీ అడగలేదు.

"లెవీ గాదా?" అన్నాడు.

"కాదు పెద్దబాపూ."

"ఖరేనా?"

"ఖరే. బైబిల్ మీద ఒట్టు."

ఇస్తారి చెయ్యి తీసుకున్నాడు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని, "అయ్యో కొడుకా, పొద్దుగాల ఎదురొస్తె మొఖం తిప్పుకొంటిగదరా" అని ఒక్కసారి ఏడ్చాడు. వెంటనే కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. లెవీ ఇల్లు రెండు గల్లీల అవతల. మురికి కాలువ మీద వేసిన బండ దాటి పోవాలి. వెలుతురు తగ్గుతోంది. అక్సా చప్పున ముందుకు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"నేను తోల్కపోత పా."

ఆయన ఆగాడు. కోపంగా ఏమీ లేడు. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే నెమ్మదిగా విడిపించాడు.

"వద్దు బిడ్డా. నువ్వు పక్కన నడుస్తె నేను మళ్ళ నీకు ఏదన్న చెప్త."

గోడ పట్టుకుని, చెప్పు కొసతో నేలను తడుముకుంటూ ఇస్తారి గల్లీలోకి దిగాడు. కాలువ దగ్గర నిలబడి లెవీని పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. అవతల ఎక్కడో తలుపు తెరుచుకుంది. అక్సా మంచం పక్కనే నిలబడి ఉంది, ఆయన విడిపించిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.